అమ్మ ఆఖరిసారి ఇష్టంగా తిన్నది

కిసో లోయ,
ఫిబ్రవరి పంతొమ్మిది, మధ్యాహ్నం

చిరంజీవి షూగోను అక్క మిసావో మనసారా దీవించి రాసేది.

ఇక్కడ మేమంతా కులాసా. మేమంతా అంటే ఎంతమందో అనుకునేవు. నేనూ, గెంజో బాబాయీ, పొయ్యి పక్కనుంచి లేవని ఆ ముసలి పిల్లీ, అంతే. ముగ్గురికీ కీళ్ళనొప్పులే కాబట్టి ఒకర్నొకరు వెక్కిరించుకోవడానికి లేదు. అక్కడ హకోదాతెలో ఆ సముద్రపు గాలికి నువ్వు ఒంట్లో బాగుండి, వేళకు తింటున్నావనే అనుకుంటున్నాను. వంటవాళ్ళు వేళకు తినరని నాకు తెలుసు, అయినా అలా అనుకుంటేనే నాకు ముద్ద దిగుతుంది.

నీ ఉత్తరం డిసెంబరులోనే అందింది. ఆరేళ్ళుగా కొత్త సంవత్సరం కార్డు మీద "బాగున్నాను" అన్న ఒక్క ముక్క తప్ప రాయనివాడివి, ఈసారి నాలుగు పేజీలు రాశావు. అది చూసి ముందు భయపడ్డాను, ఏం జరిగిందో అని. తర్వాత బాబాయికి చదివి వినిపించాను. ఆ తర్వాత సొరుగులో పెట్టి రెండు నెలలు దాని జోలికి పోలేదు. పని ఎక్కువగా ఉండి రాయలేదని చెప్పొచ్చు. కానీ ఈ ఉత్తరంలో అబద్ధం రాయకూడదని కూర్చున్నాను. భయమేసి రాయలేదు.

నాలుగు సంగతులు అడిగావు. వరసగా చెబుతాను.

నా మోకాలు అలాగే ఉంది. డాక్టరు కోయాలంటాడు, నేను వసంతం రానీ అంటాను, వసంతం రాగానే శరదృతువు రానీ అంటాను. ఆయనకూ అలవాటైపోయి ఈ మధ్య నన్ను చూడగానే "ఈసారి ఏ ఋతువో చెప్పండి" అంటున్నాడు.

రెండోది, గెంజో బాబాయి ఇంకా ఉన్నాడా అని. ఆ ప్రశ్న చదివితే పొగగొట్టంలా పొగలు కక్కాడు. "ఉన్నానని రాయండి అమ్మాయిగారూ. షూగో బాబుకి రుజువు కావాలంటే వచ్చి నా పొయ్యిలో ఒక్క కట్టె అడ్డంగా పెట్టి చూడమనండి. ఎలా తిడతానో అదే రుజువు" అన్నాడు. ఎనభై ఒకటి వచ్చాయి. నాన్న పనిలో పెట్టుకున్న నాటినుంచీ పెద్ద బాన కింద మంట ఆయన చేతిమీదే నడుస్తుంది. వేరేవాళ్ళు ముట్టుకుంటే ఆ రోజు గింజ ఉడకదని ఆయన నమ్మకం, మాకు భయం.

మూడోది, మిసో చేయడం నేర్చుకోవడానికి ప్రయాణికులు ఇంకా వస్తున్నారా అని. వస్తున్నారురా. శని, ఆదివారాలు పదేసిమంది. నువ్వు వెళ్ళిన ఏడాది ఆపేశాను, ఆ మరుసటేడు వంతెన పక్క సత్రం యజమానురాలు వచ్చి బతిమాలితే మళ్ళీ మొదలుపెట్టాను. నువ్వు గోడకు అంటించిన కాగితం చూసి నువ్వు చెప్పే మాటలే చెబుతాను. "ఆవిరిమీద ఉడికిన బియ్యానికి మంచి బూజు పడితే కోజి. ఆ కోజి, సోయా గింజలు, ఉప్పు కలిస్తే పులుసులోకి వేసుకునే మిసో ముద్ద. మిగతా పని కాలం చూసుకుంటుంది, మీరు తొందరపడకండి." ఉడికిందో లేదో బొటనవేలికీ చిటికెనవేలికీ మధ్య గింజను నొక్కి చూడమంటే ఇప్పటికీ ప్రతివాళ్ళూ చూపుడువేలే పెడతారు. చిటికెనవేలికి బలం తక్కువ, దానికి కూడా లొంగితేనే ఉడికినట్టు అని చెబితే నోరెళ్ళబెట్టి వింటారు. పెద్ద పెద్ద ఉద్యోగాలు చేసేవాళ్ళు చిటికెనవేలు పైకెత్తి చూసుకుంటుంటే నాకు నవ్వొస్తుంది.

నువ్వు పెట్టిన కోపం ఆట కూడా ఉంది. ముద్దలు చేసి తొట్టెలోకి గట్టిగా విసరాలి, లోపల గాలి మిగలకూడదు అంటే మొహమాటపడి మెల్లగా జారవిడుస్తారు. "మీకు ఎవరిమీద కోపమో వాళ్ళను తలుచుకుని విసరండి" అంటే చాలు, ఇక చూసుకో. పోయిన నెల ఒసాకానుంచి వచ్చిన ఒక పెద్దమనిషి ఎవరో పై అధికారి పేరు పెట్టి అరిచి విసిరాడు. అది తొట్టెలో పడక బాబాయి నుదుట అతుక్కుంది. బాబాయి తుడుచుకోకుండానే "ఆయన మొహం నా మొహం ఒకలా ఉంటాయన్నమాట, పాపం" అన్నాడు. ఇల్లు ఎగిరిపోయేలా నవ్వారు. గోడ అవతల గదిలో అమ్మ ఉండి ఉంటే తనూ నవ్వేది. గుర్తుందా, ఆ ముద్దలు పడే చప్పుడు వినబడేలా తన పడకను గోడ దగ్గరికి జరిపించుకుంది. ఏ ముద్ద కోపంతో విసిరారో, ఏది సిగ్గుతో విసిరారో పడుకునే చెప్పేది.

అందరూ విసిరాక నన్నూ ఒకటి విసరమంటారు. "మీరెవర్ని తలుచుకున్నారు?" అని అడుగుతారు. నేను నవ్వి ఊరుకుంటాను.

కోజి మాత్రం మనది కాదు. పక్క ఊరినుంచి కొంటున్నాను. మన కోజి గది తలుపు నువ్వు చూసినప్పుడు ఎలా మూసి ఉందో అలాగే ఉంది.

ఇక్కడ నీకొక సంగతి చెప్పాలి. చదివితే నీకు కోపం వస్తుంది, రావాలి కూడా. వచ్చినవాళ్ళు ఆ మూసిన తలుపు చూసి అదేమిటని అడుగుతారు కదా. మొదటిసారి ఒకావిడ అడిగినప్పుడు నాకేం తోచక ఒక కథలా చెప్పాను. వాళ్ళు నవ్వారు. మరుసటి వారం ఇంకొంచెం బాగా చెప్పాను. అలా నాలుగేళ్ళలో అది మన దగ్గర జరిగే పనిలో ఒక భాగమైపోయింది.

"మాకు నూట నలభై ఏళ్ళ కోజి గది ఉండేది. గింజల్ని పులియబెట్టి తీగలు సాగేలా చేసే నత్తో ఉంది చూశారూ, మీరు సత్రంలో పొద్దున్నే అన్నంలో కలుపుకునేది, దానికీ కోజికీ బద్ధవైరం. ఆ క్రిమి మరిగే నీళ్ళకు కూడా చావదు. అందుకే తొలిమంచు పడినప్పట్నించీ చెర్రీ పూసేదాకా మా ఇంట్లో ఎవరూ నత్తో ముట్టరు. అతిథులు వచ్చే పొద్దున మా తమ్ముడు సత్రానికి ఫోన్ చేసి మావాళ్ళకు నత్తో పెట్టకండి అని చెప్పాలి. చక్కనివాడే మా తమ్ముడు, కాస్త పరాకు. ఒక్కరోజు ఫోన్ చేయడం మరిచాడు. మీలాంటి అతిథులు హాయిగా తినేసి వచ్చి కోజిలో చేతులు పెట్టారు. నూట నలభై ఏళ్ళు, ఒక్క గిన్నె నత్తోతో సరి!" అని రెండు చేతులూ దూరంగా జరుపుతూ తీగ సాగుతున్నట్టు చూపించేదాన్ని. విరగబడి నవ్వేవారు. కొందరు ఫోన్లలో వీడియో కూడా తీసుకున్నారు.

అవునురా. నాలుగేళ్ళపాటు ముక్కూ మొహం తెలియనివాళ్ళ ముందు నిన్ను నవ్వులపాలు చేశాను. నువ్వు అక్కడ కుమిలిపోతున్నావని తెలిసీ చేశాను.

పదిహేను రోజుల కిందటి ఆదివారం వచ్చినవాళ్ళలో ఐలీన్ అని ఒకావిడ ఉంది. ఎక్కడో ఆస్ట్రేలియా కింద దీవి అట, తెల్లజుట్టు, మోకాళ్ళు నాలాగే. వచ్చినప్పట్నించీ ఇల్లంతా తడిమి చూసుకుంటోంది. అందరిలాగే అనుకున్నాను. నేను నా కథ చెప్పాను, చేతులు సాగదీశాను, అందరూ నవ్వారు. ఆవిడ నవ్వలేదు. దారి చూపించే అమ్మాయి చినామి చెయ్యి పట్టుకుని ఏదో గబగబా చెప్పింది. చినామి నావైపు తిరిగింది.

"మిసావోగారూ, ఈవిడ ఇంతకుముందు కూడా వచ్చారట. ఆ రోజు వచ్చిన ఎనిమిదిమందిలో ఈవిడ ఒకరట. ఆ రోజు... ఆ రోజు వాళ్ళకు నత్తో పెట్టలేదంటున్నారు."

ఆవిడ పొరపాటు పడి ఉంటారు లెమ్మన్నాను. ఐలీన్ తల అడ్డంగా ఊపింది. ఆవిడ మాట్లాడుతుంటే చినామి ముక్కముక్కా చెబుతూ వచ్చింది.

"నాకు బాగా గుర్తు. తిని చూడాలని నేనే అడిగాను. సత్రం యజమానురాలు రెండు చేతులూ అడ్డంపెట్టి, అమ్మో, కోజి ఇంటి తమ్ముడుగారు పొద్దున్నే ఫోన్ చేశారు, మీకు పెడితే నన్ను బతకనివ్వరు అంది. నత్తో గిన్నె బదులు ముల్లంగి ఊరగాయ పెట్టింది. నేను అలిగాను కూడా. మీ తమ్ముడు మరిచిపోలేదండీ. ఆయన ఎంత ఓపిగ్గా నేర్పారో మాకు. పాపం, ఆయనకీ సంగతి ఎవరైనా చెప్పారా?"

పదిమందీ నా మొహంవంకే చూస్తున్నారు. నాకు తల కొట్టేసినట్టయింది. ఆరు పదులు దాటినదాన్ని, గింజల ముద్ద అంటిన చేతులు వెనక్కి దాచుకున్నాను. బాబాయి చేతిలో కట్టె కిందపెట్టి బయటికి వెళ్ళిపోయాడు. ఆయన పొయ్యి వదిలి వెళ్ళడం నేను పుట్టాక అదే చూడడం.

అందరూ వెళ్ళాక వచ్చి, తొట్టె కడుగుతున్న నా పక్కన కూర్చున్నాడు. "అమ్మాయిగారూ, ఆరేళ్ళుగా నేనేమీ అడగలేదు. ఇప్పుడూ అడగను. బాబు రాసిన నాలుగో ప్రశ్నకి మాత్రం జవాబు రాశారా?" అన్నాడు.

రాయలేదు. అది ఇప్పుడు రాస్తున్నాను.

నువ్వు రాసిన మాటలు నాకు కంఠతా వచ్చేశాయి. "అక్కా, అమ్మ ఆఖరిసారి ఇష్టంగా ఏం తింది? నాకు ఎంత ఆలోచించినా గుర్తు రావట్లేదు. ఇక్కడ క్యాంటీన్లో రోజూ వందలమందికి వడ్డిస్తాను. ఎవరైనా ముసలావిడ గిన్నె అడుగుదాకా ఊడ్చుకుని తింటే అదే ఆలోచన. నా మరుపువల్ల గది చచ్చిపోయింది, ఆ దిగులుతోనే అమ్మ పోయింది. ఫోన్ చేశానేమో అని ఒక్కోసారి అనిపిస్తుంది, కానీ అది నా మనసు చేసే మోసం అనుకుంటాను. చివరి రోజుల్లో అమ్మ నోటికి ఏదైనా ఒక్కటి రుచిగా తగిలిందని తెలిస్తే నాకది చాలు."

తగిలింది నాయనా. అమ్మ ఆఖరిసారి ఇష్టంగా తిన్నది నత్తో.

అప్పటికి మూడువారాలుగా ఆమె నోట్లోకి మంచుముక్క తప్ప ఏదీ పోవడం లేదు. నువ్వు చేప ఉడకబెట్టిన నీళ్ళు పట్టావు, నేను గంజి వార్చి పెట్టాను, రెంటికీ మొహం తిప్పుకుంది. ఆ ఎనిమిదిమంది వచ్చే ముందురోజు నువ్వు గింజలు నానబోస్తున్నప్పుడు నన్ను దగ్గరికి పిలిచి, చెవిలో రహస్యం చెప్పినట్టు, "మిసావో, నాకు నత్తో తినాలనుందే" అంది.

"అమ్మా, గదిలో కోజి నడుస్తోంది" అన్నాను.

"నాకు తెలీదూ? ఈ ఇంటికి కోడలిగా వచ్చినప్పట్నించీ దానికి కాపలా కాసింది నేనే కదుటే" అంది. నా చెయ్యి పట్టుకుని, "చెర్రీ పూసేదాకా ఆగమంటావా? సరే ఆగుతాను. ఆగగలనా, నువ్వే చెప్పు" అంది.

ఊళ్ళో కొంటే కోజి ఇంటి మనిషి చలికాలంలో నత్తో కొందని సాయంత్రానికల్లా అందరికీ తెలిసిపోతుందని, బస్సెక్కి మూడూళ్ళవతలికి పోయి కొన్నాను. దొంగసొమ్ములా నడుములో దాచుకుని తెచ్చి, బావి దగ్గర మంచులో పాతిపెట్టాను. నీకు ఏడేళ్ళప్పుడు స్నేహితుడింట్లో తిని వచ్చావని నాన్న ఆ బావి దగ్గరే నిన్ను నిలబెట్టి వేడినీళ్ళతో మూడుసార్లు తోమాడు. తవ్వుతుంటే ఆ ఏడుపు గుర్తొచ్చింది.

పొద్దున ఆరింటికి తలుపులన్నీ వేసి తినిపించాను. వేడి అన్నంలో కలిపి రెండు మెతుకులు పెడితే చాలనుకున్నాను. గిన్నెడు తింది షూగో. నమలడానికి ఓపిక లేక ఒక్కో ముద్దకూ ఆగి ఊపిరి తీసుకుంది, మళ్ళీ నోరు తెరిచింది. గడ్డంమీద తీగ సాగితే చిన్నపిల్లలా నవ్వింది. "ఛీ, ఎంత కంపో! ఎంత బావుందో!" అంది. నేనూ నవ్వాను. అమ్మ నవ్వు చూసి ఎన్నాళ్ళయిందో, ఆ ఆనందంలో ఒళ్ళు తెలియకుండా నా తలగుడ్డ లాగి ఆ తీగ తుడిచాను.

తర్వాత గిన్నె మూసి పాతిపెట్టాను. చేతులు సలసల మరిగే నీళ్ళతో ఎర్రబడేదాకా కడిగాను. బట్టలు మార్చుకున్నాను. అన్నీ చేశాను. తలగుడ్డ మాత్రం మళ్ళీ తలకే చుట్టుకున్నాను. దానితోనే గదిలోకి వెళ్ళి, చెక్క తట్టల్లో కోజి కలియబెట్టాను. చెమట పడితే దానితోనే తుడుచుకుని, ఆ చేతులు మళ్ళీ కోజిలో పెట్టాను. నువ్వు నీ ఎనిమిదిమందిని తీసుకొచ్చి "చేతులు పెట్టి చూడండి, ఎంత వెచ్చగా ఉందో" అనే వేళకు పని అయిపోయింది.

మూడోరోజుకు తట్టలన్నీ జిగటెక్కి ఆ కంపు. నువ్వు పరుగెత్తుకొచ్చావు. అమ్మకు వినబడకుండా గది మందపాటి తలుపు మూసి నేను నీమీద విరుచుకుపడ్డాను. "ఊరందర్నీ తెచ్చి గదిలో దూర్చొద్దన్నానా! ఫోన్ చేయడం మరిచావు! నీ ఆటలకు ఇల్లు బలైపోయింది!" అన్నాను. బాబాయి ముందు అన్నాను. నువ్వు ముందు "చేశానక్కా" అన్నావు. నేను ఇంకా గట్టిగా అరిచాను. అప్పుడు నీ గొంతు తగ్గింది. "చేశాననుకుంటాను" అన్నావు. తర్వాత గోడకు ఆనుకుని, నీలో నువ్వే, "చేశానా?" అన్నావు.

ఆ అనుమానం నీలోకి దిగడం నేను కళ్ళారా చూశాను. సత్రంలో అడిగితే తేలిపోయేది, ఆ సిగ్గుతో నువ్వు అటు పోనేలేదు. నేను ఒక్క మాట చెబితే ఆగేది. చెప్పలేదు.

అప్పుడు నాకు తెలియదనుకోకు. తలగుడ్డమీద ఎండిన తీగ నా కంటబడింది ఆ మర్నాడే అయినా, తిడుతున్నప్పుడే లోపల తెలుసు. తెలుసు కాబట్టే అంత గట్టిగా అరిచాను. నాన్న నాకు అప్పగించిన గది, నూట నలభై ఏళ్ళు ఎవరూ పాడుచేయని గది, నా చేత్తో పోయిందని ఒప్పుకునే ధైర్యం లేకపోయింది. అమ్మ కోరిక తీర్చబట్టి ఇలా జరిగిందంటే నింద అమ్మమీదికి పోతుందని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. అది వట్టి సాకు. నన్ను నేను కాపాడుకున్నాను, అంతే.

ఆ దిగులుతో అమ్మ పోయిందని రాశావు. కాదు. గోడలు గీకినా, గంధకం పొగ వేసినా గది బాగుపడలేదన్న సంగతి ఆమెదాకా నేను పోనివ్వలేదు. అడిగినప్పుడల్లా "కోజి బ్రహ్మాండంగా ఉందమ్మా" అన్నాను. గది బతికే ఉందనుకుంటూ అమ్మ పోయింది. నా అబద్ధాలన్నిట్లో నేను సిగ్గుపడనిది అదొక్కటే.

సిగ్గుపడేది ఇంకొకటుంది. ఆ నత్తో తిన్న పదకొండోరోజున అమ్మ పోయింది. దహనశాలలో అస్థికలు ఏరే వేళ, ఇద్దరు కలిసి పుల్లలతో ఒక ఎముకను ఎత్తాలి కదా. మొదటిది నేనూ నువ్వూ ఎత్తాలి. నేను పుల్లలు పట్టుకుని నీకోసం చూస్తే నువ్వు వెనక్కి జరిగావు. "నాకు ఆ అర్హత లేదక్కా, మీరు కానివ్వండి" అన్నావు. చివరన కంఠం దగ్గరి ఎముక ఎత్తడానికైనా రమ్మని బాబాయి నీ చెయ్యి పట్టుకుని లాగాడు. నువ్వు రాలేదు. అందరూ అది తల్లి పోయిన దుఃఖం అనుకున్నారు. తల్లి అస్థికలు ముట్టుకునే హక్కు నీకుంది, లేనిది నాకు. అయినా నేనే ఎత్తాను, నోరు మూసుకుని ఎత్తాను. ఆ మర్నాడు నువ్వు సంచీ సర్దుకుంటుంటే ఆపలేదు. నువ్వు కళ్ళముందు లేకపోతే నాకు తేలిగ్గా ఉంటుందనిపించింది. దేవుడా, అలా అనిపించింది నాకు.

ఈ ఉత్తరంతోపాటు ఆ తలగుడ్డ పంపుతున్నాను. ఆరేళ్ళుగా ఉతకలేదు. అక్క నన్ను ఓదార్చడానికి అల్లి చెబుతోందని నువ్వు అనుకుంటావేమోనని పంపుతున్నాను. నువ్వు అలాంటివాడివే, మంచి అయితే ఎదుటివాళ్ళమీదికి తోసి, చెడు అయితే నీమీదికి లాక్కుంటావు.

మొన్న శనివారం వచ్చినవాళ్ళు మూసిన తలుపు సంగతి అడిగారు. ఈసారి ఉన్నదున్నట్టు చెప్పాను. "నేను మా అమ్మకు నత్తో తినిపించాను. నా తప్పు మా తమ్ముడిమీద వేశాను" అన్నాను. ఎవరూ నవ్వలేదు. నా వంతు ముద్ద విసిరాక, ఎవర్ని తలుచుకున్నారని అడిగితే దానికీ జవాబు చెప్పాను. ఇన్నేళ్ళూ నన్నే తలుచుకుని విసిరానని.

మన్నించమని అడగడం లేదు. అడిగితే నువ్వు వెంటనే మన్నించేస్తావు, నాకు తెలుసు. అలా చవగ్గా తీసుకోవడం నాకిష్టం లేదు. కోపం తెచ్చుకో. గట్టిగా తెచ్చుకో. వద్దనిపిస్తే జవాబు రాయకు. అమ్మ అస్థికల్లో చిన్న వాటా తీసి మూతపెట్టిన గిన్నెలో అమ్మ ఫోటో వెనక ఉంచాను. నువ్వు వెనక్కి జరిగిన ఆ రోజునే దాచాను. అది పోస్టులో పంపేది కాదు. నువ్వు వచ్చిన రోజున, పుల్లలు రెండు జతలు పెడతాను. వస్తేనే.

ఇంకొకటి. గిన్నె ఖాళీ అయ్యాక అమ్మ, "చెర్రీ పూశాక షూగోకి కూడా ఒక గిన్నె పెట్టవే. చలికాలమంతా దీనికోసం ఏడ్చేవాడు" అంది. నువ్వు చెర్రీ పూసేదాకా ఉండలేదు. ఇవాళ పొద్దున ఊళ్ళోనే, అందరూ చూస్తుండగా, నత్తో కొన్నాను. ఇక కాపాడాల్సిన గది లేదు కదా. అమ్మ ఫోటో ముందు రెండు గిన్నెలు పెట్టాను, ఒకటి ఆమెది, ఒకటి నీది. బాబాయి ముక్కు మూసుకుని దణ్ణం పెట్టాడు, కళ్ళు తుడుచుకుని పొయ్యి దగ్గరికి పోయాడు.

ఉత్తరం ముగించేముందు, ఆ పొద్దుటి సంగతిలో నేను కావాలని వదిలేసిన ముక్క ఒకటుంది, అది చెప్పాలి. ఐలీన్ చెబితేగాని నాకు తెలియలేదని నువ్వు అనుకోకూడదు. అమ్మ సగం గిన్నె తిన్నాక తలుపు అవతలనుంచి నీ గొంతు వినబడింది. "నమస్కారమండీ, కోజి ఇంటినుంచి షూగోను. మావాళ్ళు ఎనిమిదిమంది, ఇవాళ నత్తో వద్దండీ" అంటున్నావు. నేను చెంచా గిన్నెలో దించేశాను. అమ్మ నమలడం ఆపి, తల పక్కకు వంచి, నువ్వు ఫోన్ పెట్టేసేదాకా విన్నది. నావంక చూసి కళ్ళతోనే నవ్వింది.

"విన్నావటే? వాడు ఒక్కరోజు కూడా మరిచిపోడు" అంది. మళ్ళీ నోరు తెరిచింది.

ఇట్లు,
ఆ మాట ఆరేళ్ళు నీకు అందకుండా దాచిన
నీ అక్క,
మిసావో